బొట్టు పెట్టని ప్రయాణం

కిచెనర్,
ఏప్రిల్ 6

వదినా,

కవరు మీద నా చేతిరాత చూసి ఎవరికో ఏదో అయిందని కంగారు పడి ఉంటావు. ఎవరికీ ఏమీ కాలేదు. ఈ రోజుల్లో ఉత్తరమేంటని నవ్వుకో, కానీ చివరిదాకా చదువు. ఫోన్ చేద్దామని చాలాసార్లు అనుకున్నాను. నువ్వు ఎత్తకపోతే? మెసేజ్ పెడితే, నీలం టిక్కులు పడ్డాక కూడా జవాబు రాకపోతే? ఉత్తరమైతే ఆ బాధ లేదు. చదివావో లేదో తెలియకుండా హాయిగా ఉండొచ్చు.

నువ్వు ఫ్యామిలీ గ్రూపులోంచి వెళ్ళిపోయిన రోజు 'అన్నపూర్ణ లెఫ్ట్' అని చిన్న లైను వచ్చింది. దాని కిందే మా పిన్ని గుడ్ మార్నింగ్ పూలగుత్తి పెట్టింది. ఆ తర్వాత ఎవరో దోసెల ఫోటో పెట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది, ఎవరి మీదో తెలియదు. నువ్వూ అన్నయ్యా విడాకులు తీసుకున్నారు, సరే. ఇద్దరూ మంచివాళ్ళే, ఒక గదిలో ఉంటే మాత్రం ఇద్దరికీ ఊపిరాడదు. ఆ సంగతి నాకు మీకన్నా ముందే తెలుసు. కానీ నేను నీతో విడాకులు తీసుకోలేదే! నన్నెవరూ ఏ కాగితం మీదా సంతకం పెట్టమనలేదు.

అసలు సంగతికొస్తాను. నిన్న బేస్‌మెంట్‌లో వింటర్ టైర్లు సర్దుతుంటే మన హెల్మెట్లు కనిపించాయి. నాది ఎర్రది, నీది బూడిదరంగుది. కెనడా వచ్చాక ఇక్కడ మనిద్దరం కలిసి మోటార్‌సైకిల్ కోర్సు చేసిన రోజులు గుర్తొచ్చాయి. పార్కింగ్ లాట్ నిండా కోన్లు, చుట్టూ తోలు జాకెట్ల గడ్డాలవాళ్ళు, మధ్యలో చలికోటు కింద చుడీదార్లతో మనం. పాసైన రోజు టిమ్ హార్టన్స్‌లో కాఫీ తాగుతూ, రాకీ కొండల్లో మొదలుపెట్టి పసిఫిక్ సముద్రం దాకా బండి మీదే వెళ్దామన్నావు. ఆ మాట నీకు గుర్తుందా?

జూన్‌లో నాకు ఫుల్ లైసెన్స్ టెస్ట్ ఉంది. అది పాసైతే మీ వైపు బండి అద్దెకిస్తారు. ఈ వేసవిలో వెళ్దామా? నువ్వు రానంటే నేనూ వెళ్ళను, హెల్మెట్ అమ్మేస్తాను. ఇది బెదిరింపు కాదు. సరే, కొంచెం బెదిరింపే.

ఇంకా నిన్ను వదినా అని పిలవొచ్చా అని అడగాలనుకున్నాను. అడక్కుండానే పిలిచేశాను. తప్పయితే చెప్పు.

రూప


ఎడ్మంటన్,
ఏప్రిల్ 17

రూపా,

నీ ఉత్తరం పిజ్జా కూపన్ల మధ్య దొరికింది. కోడి గెలికినట్టుండే ఆ రాత చూసి మా బిల్డింగ్ మెట్ల మీదే కూర్చుని చదివాను. హెల్మెట్ అమ్మకు. వాడిన హెల్మెట్ ఎవరూ కొనరు, కొనకూడదు కూడా. కోర్సులో మొదటి గంట చెప్పిందే అది. అప్పుడు నువ్వు సమోసా తింటున్నావు.

నీకో వార్త. కిందటేడు శీతాకాలం ముందు నేను బండి కొన్నాను. సెకండ్ హ్యాండ్‌ది, నల్లది, మరీ పెద్దదేం కాదు. నా రెండు కాళ్ళూ నేలకి ఆనుతాయి, ఈ వయసులో అంతకన్నా ఏం కావాలి? చలికాలమంతా దాని బ్యాటరీ నా వంటింట్లో మిక్సీ పక్కన చార్జింగ్‌లో ఉంది. యూనివర్సిటీ ల్యాబులో నా పక్క సీటు అమ్మాయి ఒకరోజు భోజనానికొచ్చి, అది ఇండియన్ వంటకేదైనా వాడతారా అని అడిగింది. అవునన్నాను.

వస్తాను. జూలై ఆఖరున వెళ్దాం. నేను ముందు, నువ్వు నా వెనక. వాన పడితే పంతానికి పోకుండా ఆగాలి. మీ అన్నయ్య మాట నేనెత్తను, నువ్వూ ఎత్తొద్దు. కానీ నా దగ్గర ఏదైనా దాచాలని మాత్రం చూడకు. నీకు దాచడం రాదు, నాకు దాస్తే గిట్టదు.

వదినా అని రాశావు. అలాగే రాయి, చదవడానికి బావుంది. అయితే నేను మీ ఇంటినుంచి బయల్దేరిన రోజు జరిగిన ఒక సంగతి నా మనసులో ముల్లులా ఉండిపోయింది. అది ఉత్తరంలో అడిగేది కాదు. కొండల్లో ఎక్కడైనా టీ తాగుతూ అడుగుతాను.

ఫోన్ నంబరు మారలేదు. అయినా ఉత్తరాలే రాయి. మధ్యలో నువ్వు అడ్డురాకుండా నా మాట పూర్తి చేసుకోవడం ఇదే మొదటిసారి.

అన్నపూర్ణ


కిచెనర్,
మే 5

వదినా వదినా వదినా,

మూడుసార్లు రాశాను, ఏడాది బాకీ.

ఏం అడుగుతావో అని ఆలోచించి ఆలోచించి బుర్ర వేడెక్కింది. ఆ రోజు నేను కట్టిచ్చిన పులిహోరలో ఉప్పు ఎక్కువైందా? అదైతే ఇప్పుడే ఒప్పేసుకుంటున్నాను.

ఈ ట్రిప్ మాట అనుకున్నప్పటినుంచీ నాకు ఉప్పాడ రోడ్డే గుర్తొస్తోంది. నువ్వు కాకినాడలో మా ఇంటికి కొత్త కోడలిగా వచ్చేటప్పటికి నాకు పదిహేడేళ్ళు. నెల తిరక్కుండానే, అన్నయ్య భోజనం చేసి నిద్రపోతుంటే ఆయన హీరో హోండా తాళాలు తీశావు. చీరకొంగు నడుముకి బిగించి, 'ఎక్కు' అన్నావు. ఎక్కాను. ఒక పక్క సముద్రం, ఒక పక్క ఎండుచేపల కంపు, మధ్యలో మనం. తిరిగొచ్చేసరికి అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. 'రూపకి తలనొప్పిగా ఉందంటే గాలికి తీసికెళ్ళానత్తయ్యా' అన్నావు, రెప్ప వాల్చకుండా. ఆ రోజునుంచి నాకు తలనొప్పులు ఎక్కువయ్యాయి. ఇప్పుడా రోడ్డు సగం సముద్రం లాగేసుకుందట.

శనివారాలు సెయింట్ జేకబ్స్ వైపు ప్రాక్టీసుకి వెళ్తున్నాను. అక్కడ కార్లు వాడని మెనోనైట్ల గుర్రబ్బళ్ళ వెనక వెళ్తే ఓపిక దానంతటదే వస్తుంది. మలుపులో ముందు చక్రం వంక కాదు, మలుపు చివరికి చూడాలని కోర్సులో చెప్పారు కదా, అది ఇప్పటికి ఒంటబట్టింది. రేవంత్‌కి మ్యాప్ చూపిస్తే, 'నేను కార్లో సామాన్లు పట్టుకుని వెనకాలే రానా' అన్నాడు. మేమేం పెళ్ళికి తరలివెళ్ళడం లేదన్నాను. నాలుగు రోజులు అలిగి, నిన్న నాకు చేతి గ్లోవ్స్ కొనుక్కొచ్చాడు. మంచివాడే నా మొగుడు.

జూలై ఆఖరు బావుంది. దాన్ని మాత్రం వెనక్కి జరపకు, ఆగస్టు దాటితే నాకు కుదరదు. ఇక్కడ కొంచెం పని ఉంది.

అన్నయ్య బాగానే ఉన్నాడు. సరే సరే, ఎత్తను.

రూప


ఎడ్మంటన్,
మే 20

రూపా,

తలనొప్పి పేషెంటు గారికి రూటు సిద్ధమైంది. ఎడ్మంటన్ నుంచి పడమరగా హింటన్, అక్కణ్ణించి జాస్పర్. కిందటేడు అడవి మంటల్లో ఆ ఊళ్ళో చాలా ఇళ్ళు కాలిపోయాయి, గదులు తక్కువున్నాయి. అందుకని ముందే ఒకటి పట్టాను. జాస్పర్ దాకా రోడ్డు నాకు కొట్టినపిండి, దిగులు పడకు. ఆ తర్వాత మంచుకొండల మధ్య రోడ్డు. దాని మీద మధ్యలో ఒక్కటే గ్యాస్ స్టేషన్ ఉంది, అక్కడ ట్యాంకు నింపకపోతే తోసుకుంటూ వెళ్ళాలి. నిన్ను నేను తోయను.

ఆ పైన రెవెల్‌స్టోక్, లిలొయెట్, కొండ దిగి విస్లర్, అక్కణ్ణించి సముద్రం పక్కనే వాంకూవర్‌లోకి. సర్రేలో బిమ్లా గారింట్లో ఒక రాత్రి ఉంటాం. మా రైడింగ్ క్లబ్బు వాళ్ళ ద్వారా పరిచయం. ఆవిడ ముత్తాతలు చెరకు తోటల్లో పనికి ఫిజీ వెళ్ళిన తెలుగువాళ్ళు. ఆవిడకి తెలుగు మూడు నాలుగు ముక్కలే వచ్చు, అందులో మొదటిది 'తిన్నావా'. ఫోన్ ఎత్తినా హలో బదులు అదే అంటుంది. మర్నాడు ఫెర్రీ ఎక్కి దీవి మీదకి, ఆ చివర టోఫీనో. అక్కడితో రోడ్డు అయిపోతుంది, ఎదురుగా ఉత్త సముద్రం. ఫెర్రీ బుక్ చేశాను, రెండు బళ్ళకీ, పొద్దున్నదే.

చలి బట్టలు తెచ్చుకో. జూలైలోనూ ఆ కొండల్లో మంచు పడుతుంది. అప్పుడు వణుకుతూ నా జాకెట్ అడిగితే ఇవ్వను. ఇస్తాననుకో, కానీ తిడతాను.

ఆగస్టు దాటితే కుదరని పనేంటి? ఇల్లు మారుతున్నారా? ఈ మాట దగ్గర నీ అక్షరాలు చిన్నవైపోయాయి.

అన్నపూర్ణ


కిచెనర్,
జూన్ 8

వదినా,

పాస్! పాస్! పాస్!

వెనక కార్లో ఎగ్జామినర్, నా చెవిలో ఆయన గొంతు. చెవిలో ఎవరైనా మాట్లాడుతుంటే వినకుండా ఉండలేను, వింటూ బండి నడపలేను. మొదటి సిగ్నల్ దగ్గర ఎడమకి తిరగమంటే 'ఓకే అండీ' అని గట్టిగా తెలుగులో అన్నాను. అయినా పాస్ చేశాడు. ఇంటికొచ్చి హెల్మెట్ తియ్యకుండానే పెరుగన్నం తిందామని చూశాను, నోరు దొరకలేదు.

మీ ఊళ్ళో బండి అద్దెకి మాట్లాడేశాను. నీలం రంగుది. ఫ్లైట్ టికెట్ కూడా తీశాను.

ఇల్లు మారడం లేదు వదినా, ఏం లేదు. సెప్టెంబర్‌లో ఆఫీసులో పెద్ద సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది. మా టెస్టింగ్ వాళ్ళ గోల నీకు తెలుసుగా, ఆ నెలంతా ఒక్కరోజు కూడా లీవివ్వరు. అసలివ్వరు. మేనేజర్ ముందే చెప్పేశాడు. అందుకే అలా రాశాను. అక్షరాలు చిన్నవైతే పెన్ను తప్పు.

అక్కడ నేరేడు పళ్ళలాంటివి దొరుకుతాయట కదా, శాస్కటూన్ బెర్రీలని. తినిపించు.

రూప


ఎడ్మంటన్,
జూన్ 19

రూప గారికి,

నమస్కారం. మీరు టెస్ట్ పాసైనందుకు సంతోషం.

నిన్న అనన్య ఫోన్ చేసింది. వాళ్ళ నాన్న సెప్టెంబర్‌లో మళ్ళీ పెళ్ళి చేసుకుంటున్నారని, ఆవిడ పేరు విశాలాక్షి అని, సార్నియాలో కాలేజీలో పాఠాలు చెబుతారని చెప్పింది. పెళ్ళి పనులన్నీ అత్తయ్యే చూస్తోందమ్మా అంది. దానికి అత్తయ్యంటే మీరే కదా. నిజంగానే పెద్ద రిలీజ్.

పాపం, పిల్లకి నేను మీ దగ్గర వినలేదని తెలియదు. నాకు తెలిసినట్టే మాట్లాడి ఫోన్ పెట్టేశాను. నా సొంత కూతురి దగ్గర నాటకమాడాల్సి వచ్చింది.

ఆయన పెళ్ళి చేసుకుంటే నాకు అభ్యంతరం లేదు. ఉండటానికి నేనెవర్ని? కానీ మీరు నా మొహమ్మీద అబద్ధం చెప్పారు. వదినా వదినా అని రాస్తూనే చెప్పారు.

కొండల్లో అడుగుతానన్నది ఇప్పుడే అడిగేస్తాను, ఇక కొండలు లేవు కాబట్టి. కిందటేడు మార్చిలో నేను కిచెనర్ వదిలి వచ్చేసేటప్పుడు చివరగా మీ ఇంటికి వచ్చాను. నా సూట్‌కేసులు మీరే కార్లో పెట్టారు. గుమ్మం పక్క అరలో మీ అమ్మగారి వెండి కుంకుమ భరిణె ఉంది. మీ ఇంటికి ఏ ఆడమనిషి వచ్చినా దాన్లోంచి బొట్టు పెట్టి పంపిస్తారు. మీ చెయ్యి దాని మీదకి వెళ్ళింది. మళ్ళీ వెనక్కి తీసుకున్నారు. నేను చూశాను. విడాకులు తీసుకున్నదానికి బొట్టెందుకులే అనుకున్నారని అర్థమైంది. మా నాయనమ్మ అలా చేసుంటే ఊరుకునేదాన్ని. మీరు చేశారు. రోజూ పొద్దున్న అద్దం ముందు స్టిక్కర్ పెట్టుకునేటప్పుడు నాకా చెయ్యే కనపడుతుంది.

అయినా మీ ఉత్తరం రాగానే వస్తానన్నాను. నా బుద్ధి అలాంటిది.

మీకిప్పుడు కొత్త వదిన వస్తోంది. ఇద్దరు వదినలెందుకు? ఫెర్రీ బుకింగ్ క్యాన్సిల్ చేశాను.

అన్నపూర్ణ


కిచెనర్,
జూన్ 25

వదినా,

నువ్వు ఏమన్నా అను, నేను ఇలాగే పిలుస్తాను.

'రూప గారికి' అని చూడగానే వంటింట్లో నేలమీద కూలబడ్డాను. రేవంత్ పరిగెత్తుకొచ్చి ఎవరికేమైందని అడిగితే, 'నాకే' అన్నాను. ముప్పై ఏళ్ళలో నన్ను తిట్టావు, ఒకసారి చెవి మెలేశావు, కానీ ఎప్పుడూ గారు అనలేదు. తిట్టు వదినా. ఎన్నయినా తిట్టు. మీరు అని మాత్రం అనకు.

అవును, అబద్ధం చెప్పాను. ఆఫీసులో ఏ రిలీజూ లేదు. అన్నయ్య మార్చిలోనే చెప్పాడు. నిజం చెప్పనా? ఆ మాట విన్నాకే నీకు మొదటి ఉత్తరం రాశాను. ఆవిడ వచ్చేసరికి నువ్వు నాకు పూర్తిగా దూరమైపోతావని హడలిపోయాను. కొత్త వదిన వస్తోందని నా చేత్తో నీకు రాస్తే, ఆ ఒక్క మాటతో నిన్ను పాత వదినని చేసేసినట్టు కాదూ? టోఫీనో చేరాక చెబుదామనుకున్నాను. అక్కడైతే రోడ్డు అయిపోతుంది, నువ్వు కోపమొచ్చినా ఎక్కడికీ వెళ్ళలేవు. నా తెలివి అంతే.

ఇక ఆ చెయ్యి సంగతి.

నువ్వు చూశావని నాకు తెలియదు వదినా. తెలిసి ఉంటే ఆ రోజే నీ కారుకి అడ్డంగా పడుకునేదాన్ని. ఒక్కసారి కాకినాడ గుర్తు చేసుకో. అమ్మ ఎవరికి బొట్టు పెట్టి పంపేది? చుట్టాలకి. పేరంటానికొచ్చిన వాళ్ళకి. జాకెట్టు ముక్క, అరటిపళ్ళు, 'మళ్ళీ రండమ్మా' అని ఒక మాట. నీకు ఎప్పుడైనా పెట్టిందా? నువ్వు పుట్టింటికెళ్ళావు, హైదరాబాదు వెళ్ళావు, చివరికి కెనడా విమానం ఎక్కావు. ఎప్పుడూ పెట్టలేదు. ఒకసారి పక్కింటావిడ అడిగితే అమ్మ ఏమందో నేను విన్నాను. 'అది ఇంటి మనిషి. వెళ్తుంది, వస్తుంది. బొట్టు పెట్టి పంపడానికి చుట్టమా?' అంది.

ఆ మార్చి పొద్దున నా చెయ్యి అలవాటుకొద్దీ భరిణె మీదకి వెళ్ళింది. ముట్టుకోగానే భయమేసింది. ఇప్పుడు బొట్టు పెడితే నువ్వు చుట్టానివైపోతావు. ఇక పిలిస్తేనే వచ్చే మనిషివైపోతావు. పెట్టకపోతే మళ్ళీ ఎప్పుడైనా తలుపు తోసుకుని వంటింట్లోకి వచ్చేస్తావని, గిన్నె మూత తీసి 'ఏం వండావే' అంటావని ఆశ. అందుకే చెయ్యి తీసేశాను. నిన్ను సాగనంపడం ఇష్టంలేక తీసేశాను వదినా! నువ్వేమో కారెక్కి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయావు. నా మీద కోపం కాదులే, ఏడుపు దాచుకుంటోంది అనుకున్నాను.

ఇది చదివి కూడా రావొద్దనిపిస్తే రాకు. నా టికెట్ మాత్రం నేను క్యాన్సిల్ చెయ్యడం లేదు. ఎడ్మంటన్ వచ్చి నీ బిల్డింగ్ మెట్ల మీద హెల్మెట్ పెట్టుకుని కూర్చుంటాను. మీ వాళ్ళు పోలీసుల్ని పిలిస్తే నీ పేరే చెబుతాను.

రూప


ఎడ్మంటన్,
జూలై 4

ఒసే రూపా,

నీ కవరు లిఫ్టులో చింపాను. నా అంతస్తు దాటిపోయింది. పైదాకా వెళ్ళింది, మళ్ళీ కిందికొచ్చింది, నేను దిగలేదు. పక్కింటి పెద్దాయన కుక్కతో ఎక్కి, ఏడుస్తూ నవ్వుతున్న నన్ను చూసి 'ఆర్ యూ ఓకే?' అన్నాడు. 'వెరీ వెరీ ఓకే' అన్నాను. కుక్క కూడా నమ్మలేదు.

ఏడాదికి పైగా ఆ చెయ్యిని మోశానే! ల్యాబులో మోశాను, మంచులో మోశాను, బండి మీద మోశాను. ఎన్ని రకాలుగా అర్థాలు తీశానో! పెద్ద చదువులు చదివామని పేరే కానీ, ఒక్క ఫోన్ చేసి 'ఏమే, బొట్టెందుకు పెట్టలేదు' అని అడగడానికి నోరు రాలేదు. అడిగితే నువ్వు చెప్పే జవాబు నేననుకున్నదే అవుతుందని భయం. నువ్వు చెప్పిందయితే కలలో కూడా అనుకోలేదు. అత్తయ్య అలా అన్నదా? నాకెప్పుడూ చెప్పలేదు. కొత్తలో ఒకటి రెండుసార్లు, వీళ్ళింట్లో నాకు బొట్టు పెట్టరేంటి అని చిన్నబుచ్చుకున్నాను కూడా. ఇప్పుడు తెలిసింది. ఇంత హాయిగా ఉండి ఎన్నాళ్ళయిందో.

మీ అన్నయ్య మాట నేనే ఎత్తుతున్నాను, షరతు నాదే కాబట్టి. ఆయన పెళ్ళని అనన్య చెప్పినప్పుడు నాకు ముందు కలిగింది సంతోషమే, ఒట్టు. ఆయన ఒక్కడే రాత్రిళ్ళు మైక్రోవేవ్ ముందు నిలబడి చల్లన్నం వేడి చేసుకుంటుంటాడని నా మనసులో ఏదో మూల బాధగా ఉండేది. ఆ బాధ పోయింది. ఆ తర్వాత, ఇది రూప ఎందుకు చెప్పలేదు అనిపించింది. అక్కడ మండింది.

నాకు నీతులు చెప్పే మొహం లేదనుకో. నేనూ నీకో అబద్ధం చెప్పాను. జాస్పర్ దాకా రోడ్డు కొట్టినపిండి అని గొప్పలు పోయానా? నేను జాస్పర్ చూడనే లేదు. రెండుసార్లు బయల్దేరి, హింటన్ దాకా వెళ్ళి, దూరంగా కొండలు కనిపించగానే ఒక కాఫీ తాగి బండి వెనక్కి తిప్పుకొచ్చాను. భయపడి కాదు. వెళ్తే మొదటిసారి నీతోనే వెళ్ళాలని. నీ ఉత్తరం రాకముందు కూడా అంతే. నువ్వు అసలు పలకరిస్తావో లేదో తెలియకుండానే నీకోసం దాచిపెట్టాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, చదివి ఊరుకో.

ఫెర్రీ మళ్ళీ బుక్ చేశాను. పొద్దున్నది దొరకలేదు, మధ్యాహ్నంది దొరికింది. అది నీ రిలీజ్‌కి జరిమానా.

మెట్ల మీద కూర్చోకు. తలుపు తీసే ఉంటుంది. లోపలికొచ్చి గిన్నె మూత తీసి చూసుకో.

నీ వదిన


కిచెనర్,
ఆగస్టు 14

వదినా,

ఒళ్ళంతా ఇంకా బండి మీదే ఉన్నట్టుంది. పొద్దున్న రేవంత్ కార్లో కూర్చుని, మలుపొస్తే ఒక పక్కకి ఒరిగాను. కార్లో ఒరగక్కర్లేదమ్మా అన్నాడు.

పక్కపక్కనే ఉండి వచ్చి మళ్ళీ ఉత్తరమెందుకంటావేమో. అక్కడ గాలికి నోట్లోనే ఉండిపోయిన మాటలు కొన్నున్నాయి. హింటన్ దాటగానే నువ్వు బండి పక్కకి ఆపి, వేలు చూపించి, ఇక ఇక్కణ్ణించి నాక్కూడా కొత్తే అన్నావు. నీ మొహం అప్పుడు చూడాల్సింది. జాస్పర్ చుట్టూ కాలి నల్లబడ్డ చెట్ల కింద గులాబీ రంగు పూలు విరగబూసి ఉన్నాయి. ఆ పక్కన ఆగి థర్మోస్‌లో టీ తాగాం. నువ్వు అడగాల్సిందేమీ మిగల్లేదు, అందుకని బిస్కెట్లన్నీ అయిపోయేదాకా కూర్చున్నాం.

లిలొయెట్ దాటాక ఆ కొండరోడ్డు మీద నేను చచ్చేంత భయపడ్డాను. నీకు చెప్పలేదు. మొదటి పెద్ద మలుపు దగ్గర నా చేతులు కొయ్యబారిపోయాయి. నువ్వు అద్దంలో చూసి కనిపెట్టేశావు. ఆగి, 'నువ్వు ముందు వెళ్ళు, నీ ఇష్టమొచ్చినంత మెల్లిగా, నేను వెనకుంటాను' అన్నావు. వెనక వచ్చే కార్లన్నిటికీ నువ్వు అడ్డుగా నిలబడ్డావు. ఎవడో హారన్ కొడితే చెయ్యెత్తి నువ్వు చూపించిన సైగ మర్యాదగా లేదు, నేను అద్దంలో చూశాను. ఆ తర్వాత నాకు భయం వెయ్యలేదు.

బిమ్లా గారి రొట్టెలూ, బఠాణీ కూరా ఇంకా నోరూరిస్తున్నాయి. బయల్దేరేటప్పుడు ఆవిడ మనిద్దర్నీ గుమ్మంలో నిలబెట్టి, చిన్న డబ్బాలోంచి కుంకుమ తీసి బొట్టు పెట్టింది. తెలుగు పోయింది కానీ ఇది పోలేదన్నట్టు నవ్వి, ఇంట్లో పెద్దవాళ్ళు నేర్పారని ఇంగ్లీషులో చెప్పింది. మనం ఒకరి మొహం ఒకరు చూసుకుని పగలబడి నవ్వితే పాపం బెంబేలెత్తిపోయింది. చుట్టాలమని ఎంత మర్యాదగా చెప్పింది! ఫెర్రీలో కూడా ఆ బొట్లతోనే, హెల్మెట్ ఒరుసుకుని ముక్కు మీదకి కారిన కుంకుమతోనే వెళ్ళాం.

టోఫీనోలో రోడ్డు చివర బళ్ళు ఆపి, ప్యాంట్లు మడిచి నీళ్ళలో దిగాం. మంచు నీళ్ళు. కాకినాడ నీళ్ళు వెచ్చగా ఉండేవి. నేను కెవ్వుమంటుంటే నువ్వు నా పక్కకొచ్చి, అచ్చం అమ్మ గొంతు పెట్టి, 'తలనొప్పి తగ్గిందా?' అన్నావు. అంతే, నాకు ఏడుపొచ్చేసింది. ఉప్పునీళ్ళు మొహాన పడ్డాయని చెప్పాను. అది అబద్ధం. ఇదే ఆఖరిది.

నువ్విచ్చిన ప్యాకెట్ విశాలాక్షి గారికి ఆదివారమే అందజేశాను. నువ్వు చెప్పినట్టే ముందు బొట్టు పెట్టి, తర్వాత ఆ జాకెట్టు ముక్క ఇచ్చాను. 'ఆవిడ ఇంకా చుట్టమే, మర్యాదలు చెయ్యండి' అని నువ్వన్న మాట మాత్రం చెప్పలేదు. ఎవరు పంపారని అడిగింది. 'మా వదిన' అన్నాను. ఆవిడ దాన్ని కళ్ళకద్దుకుంది. మంచి మనిషిలాగే ఉంది.

అసలు ఈ ఉత్తరం రాసింది ఎయిర్‌పోర్ట్ గురించి. మీ ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు నీ చేతిలో కుంకుమ పొట్లం చూశాను. దాంతో నీ బండి హెడ్‌లైట్‌కి బొట్టు పెట్టావు, ఇంతదూరం క్షేమంగా మోసిందని. నేను పక్కన నిలబడ్డాను. అన్నీ తెలిసి కూడా, అలవాటు చొప్పున తల కొంచెం వంచాను. నువ్వు పొట్లం మడిచి జేబులో పెట్టేసుకుని, నా భుజమ్మీద ఒక్కటిచ్చి, 'నడు, ఫ్లైట్ టైమైంది' అన్నావు. ఎయిర్‌పోర్ట్‌లో కూడా అంతే. బొట్టు లేదు, జాకెట్టు ముక్క లేదు, మళ్ళీ రా అనైనా అనలేదు. చుట్టూ అందరూ కావలించుకుని ఏడుస్తుంటే నువ్వు పార్కింగ్ టికెట్ వెతుక్కుంటూ వెళ్ళిపోయావు.

విమానంలో దారంతా నా నుదురు తడుముకుంటూనే ఉన్నాను వదినా. ఉత్త నుదురు. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుని మురిసిపోయాను.

రూప